డీబగ్గర్ టెస్టులు: బిల్డ్ ఒకచోట, హోస్ట్ ఇంకోచోట, టార్గెట్ మరోచోట... ఫెయిల్స్ తగ్గాయేంటి?

నిద్రలేనిబిల్డ్

అందరికీ నమస్తే. కాస్త పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

మా టీమ్ ఒక టూల్‌చెయిన్ (కంపైలర్, డీబగ్గర్ లాంటి టూల్స్ కట్ట) తయారుచేసి ఇస్తుంది, అందులో జీడీబీ అనే డీబగ్గర్ ఒక భాగం. దాన్ని మేం ఎక్స్86-64 లినక్స్ మెషిన్‌లో బిల్డ్ చేస్తాం, వాడేవాళ్లు విండోస్‌లో నడుపుకుంటారు, వాళ్లు డీబగ్ చేసే ప్రోగ్రామ్ మాత్రం 32 బిట్ల ఆర్మ్ బోర్డు మీద లినక్స్‌లో, జీడీబీసర్వర్ (దూరంగా ఉన్న జీడీబీ చెప్పినట్టు ప్రోగ్రామ్‌ని నడిపేది) కింద నడుస్తుంది. మొత్తం మూడు మెషిన్లు. ఇన్నాళ్లూ మేం చేసిందేంటంటే, అదే సోర్స్‌ని లినక్స్ కోసం ఇంకోసారి నేటివ్‌గా (బిల్డ్ చేసిన మెషిన్‌లోనే అన్నీ నడిచేలా) బిల్డ్ చేసి, అక్కడే టెస్టులన్నీ నడిపే ‘మేక్ చెక్’ కొట్టి, వచ్చిన ఫెయిల్స్ పాతవా కొత్తవా చూసుకుని విడుదల చేసేయడం. అంటే కస్టమర్ చేతికి వెళ్లే ఎగ్జిక్యూటబుల్‌ని టెస్ట్ సూట్‌తో ఒక్కసారి కూడా నడపలేదన్నమాట. రాస్తుంటేనే సిగ్గుగా ఉంది.

ఈసారి పట్టుబట్టి అసలు సెటప్‌లోనే నడిపా. ఆ టెస్టులని నడిపే డెజాగ్నూ లినక్స్‌లో, హోస్ట్ బోర్డుగా ఎస్‌ఎస్‌హెచ్ మీద విండోస్ మెషిన్, టార్గెట్ బోర్డుగా ఆర్మ్. రాత్రి పెట్టి పొద్దున చూస్తే ఫెయిల్స్ నేటివ్ కన్నా తక్కువ! గ్రూపులో గొప్పగా పెట్టేశా కూడా. గంట తర్వాత మా సీనియర్ ఒకరు "ఇంత స్లో బోర్డు మీద మొత్తం సూట్ నేటివ్ కన్నా తొందరగా ఎలా అయిపోయింది?" అని ఒక్క ప్రశ్న వేశారు. టెస్టుల ఫలితాలుండే సమ్ ఫైల్ తెరిస్తే పాస్‌లు కూడా పాతాళంలో ఉన్నాయి, ‘అన్‌టెస్టెడ్’ అని మాత్రం వందల లైన్లు. కంపైలర్ లినక్స్‌లో ఉంది, చేత్తో కంపైల్ చేస్తే అవుతోంది. ఎక్కడ చూడాలి?

సున్నాపాయింటర్

పరీక్షకి వెళ్లనివాడు ఫెయిల్ అవ్వడు కదా బ్రదర్ :)

పాతకంపైలర్

లాగ్ ఫైల్‌లో మొదటి అన్‌టెస్టెడ్‌కి పైనున్న ఇరవై లైన్లు చదవండి. కంపైలర్ దొరకలేదన్న ఎర్రర్ ఉంటుంది, పందెం.

డెజాగ్నూ లెక్కలో బిల్డ్ అంటే ఆ టెస్ట్ స్క్రిప్టులు నడిచే మెషిన్. హోస్ట్ అంటే టూల్స్ నడిచే మెషిన్. టార్గెట్ అంటే టెస్ట్ ప్రోగ్రామ్ నడిచే మెషిన్. చాలామంది పొరపడేది ఇక్కడే: టూల్స్ అంటే డీబగ్గర్ ఒక్కటే అనుకుంటారు, కంపైలర్ కూడా అందులోదే. హోస్ట్ రిమోట్ అని మీరు చెప్పగానే అది సోర్స్ ఫైల్‌ని హోస్ట్‌కి కాపీ చేసి, అక్కడ కంపైలర్‌ని పిలిచి, తయారైన బైనరీని మళ్లీ బిల్డ్ మెషిన్‌కి తెచ్చుకుంటుంది. మీ విండోస్ మెషిన్‌లో ఆర్మ్ క్రాస్ కంపైలర్ లేదు, లేదా పాత్‌లో లేదు. కంపైల్ అవ్వకపోతే టెస్టు ఫెయిల్ అనదు, అన్‌టెస్టెడ్ అని రాసి వెళ్లిపోతుంది. అందుకే మీకు పొద్దున్నే అంత మంచి వార్త.

టోటల్స్ చూసి ఎప్పుడూ సంతోషపడకండి, బాధ కూడా పడకండి. పాత సమ్ ఫైల్, కొత్త సమ్ ఫైల్ పక్కపక్కన పెట్టి టెస్టు పేరు వారీగా డిఫ్ తీయాలి. నిన్న పాస్ అయింది ఇవాళ అసలు కనిపించకుండా పోయిందా అన్నదే మొదట చూడాల్సింది.

నిద్రలేనిబిల్డ్

> కంపైలర్ దొరకలేదన్న ఎర్రర్ ఉంటుంది, పందెం.

పందెం మీరే గెలిచారు. అక్షరాలా అదే. కంపైలర్ విండోస్‌లోనే నడుస్తుందని నాకు తట్టనే లేదు, ఎందుకంటే చేత్తో చేసేటప్పుడు ఎప్పుడూ లినక్స్‌లోనే కంపైల్ చేసి బోర్డుకి కాపీ చేస్తాం కదా. మా టూల్‌చెయిన్‌లో విండోస్ కంపైలర్ ఎలాగూ ఉంది, పాత్‌లో పెడితే సరిపోయింది. మళ్లీ రన్ పెట్టా.

కొత్తకొమ్మ

ఒక చిన్న సందేహం, తప్పుగా అనుకోకండి. కాన్ఫిగర్ చేసేటప్పుడు ఇచ్చే బిల్డ్, హోస్ట్, టార్గెట్, డెజాగ్నూలో ఉన్న బిల్డ్, హోస్ట్, టార్గెట్ ఒకటేనా? నేను చదివినంతలో టార్గెట్ అంటే కంపైలర్ ఎవరి కోసం కోడ్ తయారు చేస్తుందో ఆ మెషిన్.

పాతకంపైలర్

మంచి సందేహమే. బంధుత్వం ఉంది కానీ ఒకటి కాదు. కాన్ఫిగర్‌లో మీరు చెప్పేది మెషిన్ల జాతి (ప్రాసెసర్, ఆపరేటింగ్ సిస్టమ్) గురించి: ఏ జాతి మెషిన్‌లో బిల్డ్ చేస్తున్నాం, వచ్చిన బైనరీ ఏ జాతి మీద నడవాలి, ఆ డీబగ్గర్ ఏ జాతి ప్రోగ్రాములని అర్థం చేసుకోవాలి. డెజాగ్నూలో చెప్పేది నిజంగా ఏ మెషిన్, దానికి ఎలా చేరాలి, ఫైల్ ఎలా పంపాలి అని. రెండు లినక్స్ మెషిన్లు ఒకే జాతివి అయినా, డీబగ్గర్ ఒక దాంట్లో, టెస్ట్ స్క్రిప్టు ఇంకో దాంట్లో ఉంటే కాన్ఫిగర్ దృష్టిలో అది నేటివ్, డెజాగ్నూ దృష్టిలో రిమోట్ హోస్ట్. టెస్టుల్లో కూడా ‘నేటివా కాదా’ అన్న తనిఖీ వేరు, ‘హోస్ట్ రిమోటా’, ‘టార్గెట్ రిమోటా’ అన్న తనిఖీలు వేరు. మొదటిది వాడాల్సిన చోట రెండోది వాడినవాళ్లు, రెండోది వాడాల్సిన చోట మొదటిది వాడినవాళ్లు ఎంతమందో.

మూడూ మూడు జాతులైతే దాన్ని కెనేడియన్ క్రాస్ అంటారు. అప్పట్లో కెనడాలో మూడు జాతీయ పార్టీలు ఉండేవని సరదాగా పెట్టిన పేరట. ఇక్కడ నిద్రలేనిబిల్డ్ గారిది అచ్చంగా అదే.

రెండోకన్ను

నేను టెస్టింగ్ వైపు మనిషిని, డీబగ్గర్ లోపలి సంగతులు పాతకంపైలర్ గారికే తెలుసు. కానీ ఒక మాట. నేటివ్ నుంచి ఒక్క దూకులో మూడు మెషిన్లకి వెళ్లారు చూశారా, అక్కడే దెబ్బ తిన్నారు. కంపైలర్ సంగతి సర్దుకున్నాక ఇంకో వంద ఫెయిల్స్ వస్తాయి, ఒక్కొక్కటీ ఏ మెషిన్ వల్ల వచ్చిందో చెప్పలేక చస్తారు. విండోస్ కాబట్టా? రిమోట్ కాబట్టా? ఆర్మ్ కాబట్టా? బోర్డు స్లో కాబట్టా? నాలుగు కారణాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని కూర్చున్నారు.

ఒకసారికి ఒక్క మెషిన్‌ని మాత్రమే కదపండి. ముందు మొత్తం లినక్స్‌లోనే ఉంచి, జీడీబీతో వచ్చే ‘నేటివ్-జీడీబీసర్వర్’ బోర్డు ఫైల్‌తో (ఏ మెషిన్‌కి ఎలా చేరాలో చెప్పే ఫైల్) నడపండి. మెషిన్ మారదు, మధ్యలో జీడీబీసర్వర్, రిమోట్ ప్రొటోకాల్ మాత్రం వస్తాయి. ఆ తర్వాత ‘నేటివ్-ఎక్స్‌టెండెడ్-జీడీబీసర్వర్’. ఆ తర్వాత అదే మెషిన్‌కి ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్లే ‘లోకల్-రిమోట్-హోస్ట్’, ఇక్కడ డీబగ్గర్ రిమోట్ అయినట్టు నటిస్తాం. దాంట్లోనే టీటీవై (టెర్మినల్) లేకుండా నడిపేది ఒకటుంది, పేరు చివర ‘నోటీటీవై’ అని ఉంటుంది, విండోస్‌కి వెళ్లేముందు అది తప్పనిసరిగా చూడండి, ఎందుకో విండోస్ వాళ్లు చెప్తారు. ఇవన్నీ అయ్యాక అసలు ఆర్మ్ బోర్డు, ఆఖరున విండోస్. ప్రతి మెట్టు దగ్గరా వచ్చిన సమ్ ఫైల్ దాచుకోండి, తర్వాతి మెట్టుకి అదే బేస్‌లైన్.

నిద్రలేనిబిల్డ్

ఇది చదివేలోపే రన్ అయిపోయింది. ఇప్పుడు ఫెయిల్స్ ఎన్నో చెప్పడం లేదు, చెప్పుకునేలా లేవు. సరే, వెనక్కి వెళ్లి మెట్టు మెట్టుగా వస్తా.

నిద్రలేనిబిల్డ్

రెండు రోజుల తర్వాత. నేటివ్-జీడీబీసర్వర్ నడిపా. నేటివ్‌లో పాస్ అయినవి కొన్ని ఇక్కడ ఫెయిల్, కొన్ని అన్‌సపోర్టెడ్. ప్రోగ్రామ్ ప్రింట్ చేసిన మాట కోసం ఎదురుచూసే టెస్టులు కొన్ని టైమ్‌అవుట్ అవుతున్నాయి. ఇవి నిజంగా బగ్సా?

పాతకంపైలర్

చాలావరకు కాదు. నేటివ్‌లో డీబగ్గర్, ప్రోగ్రామ్ ఒకే టెర్మినల్‌ని పంచుకుంటాయి కాబట్టి ప్రోగ్రామ్ ప్రింట్ చేసింది జీడీబీ ప్రాంప్ట్ పక్కనే కనిపిస్తుంది. జీడీబీసర్వర్ కింద నడిచే ప్రోగ్రామ్ ప్రింట్ చేసింది జీడీబీసర్వర్ టెర్మినల్‌లోకి పోతుంది, జీడీబీ వైపు ఎంత చూసినా రాదు. టెస్టు సరిగ్గా రాసి ఉంటే ఆ రెండో టెర్మినల్‌ని కూడా చూస్తుంది, లేకపోతే మీకు వచ్చినట్టే టైమ్‌అవుట్. అవుట్‌పుట్ ఎక్కడా చిక్కని బోర్డు అయితే బోర్డు ఫైల్‌లో ‘నోఇన్‌ఫీరియర్‌ఐవో’ అని పెట్టాలి, అప్పుడు ఆ టెస్టులు పక్కకి తప్పుకుంటాయి. సిగ్నల్స్ పనిచేయని బోర్డులకి కూడా అలాంటిదే ఒకటి ఉంది.

‘రన్’ కమాండ్ వాడే టెస్టులు కూడా చూడండి. మామూలు ‘టార్గెట్ రిమోట్’ కనెక్షన్‌లో మీరు కలిసేసరికే ప్రోగ్రామ్ పుట్టి, మొదటి ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ఆగి ఉంటుంది. దాన్ని ‘రన్’ అనడానికి లేదు, ‘కంటిన్యూ’ అనాలి. ఎక్స్‌టెండెడ్ కనెక్షన్‌లో అయితే రన్ పనిచేస్తుంది. అందుకే రెండు బోర్డులూ నడపమన్నారు రెండోకన్ను గారు. ఒక దాంట్లో పాస్, ఇంకో దాంట్లో ఫెయిల్ అంటే సగం కారణం అప్పుడే తెలిసిపోతుంది.

సున్నాపాయింటర్

నా అనుభవం ఒకటి చెప్తా, ఈసారి జోకు కాదు. నేను గతంలో పనిచేసిన చోట మూడు మెషిన్లూ ఒకే నెట్‌వర్క్ డిస్క్‌ని మౌంట్ చేసుకునేవి, అన్నిట్లో పాత్ ఒకటే. టెస్టులన్నీ చక్కగా పాస్. ఒకరోజు టార్గెట్ బోర్డులో ఆ మౌంట్ ఊడిపోయింది, ఒక్కసారిగా బోలెడు ఫెయిల్స్. బోర్డు పాడైందనుకున్నాం. తీరా చూస్తే బోర్డు బాగానే ఉంది, టెస్టులే ఇన్నాళ్లూ అబద్ధం చెప్తున్నాయి. టెస్టు స్క్రిప్టు బిల్డ్ మెషిన్‌లో ఒక ఫైల్ రాసేది, హోస్ట్‌లో ఉన్న జీడీబీకి అదే పాత్ ఇచ్చేది, మధ్యలో కాపీ చేయాలన్న మాటే లేదు. డిస్క్ ఒకటే కాబట్టి నడిచిపోయింది. ఆ పాస్‌లలో కొన్ని మేమే రాసిన టెస్టులవి, సిగ్గు విడిచి చెప్తున్నా.

పాతకంపైలర్

నూటికి నూరుపాళ్లు నిజం, ‘లోకల్-రిమోట్-హోస్ట్’కి ఉన్న పెద్ద లోపం కూడా ఇదే. ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్లినా చేరేది అదే మెషిన్, అదే హోమ్ డైరెక్టరీ. కాపీ చేయడం మర్చిపోయిన టెస్టు కూడా పాస్ అయిపోతుంది.

దీనికో మందు ఉంది. అదే మెషిన్‌లో ఇంకో రెండు యూజర్ అకౌంట్లు తెరవండి, ఒకటి హోస్ట్ కోసం, ఒకటి టార్గెట్ కోసం. బోర్డు ఫైల్‌కి ఆ యూజర్ పేరు ఇవ్వొచ్చు. మీ హోమ్ డైరెక్టరీకి పర్మిషన్స్ బిగించేయండి, మిగతా ఇద్దరూ తొంగి కూడా చూడకూడదు. ఒక్క మెషిన్ మీదే మూడు మెషిన్ల తేడాలు చాలావరకు బయటపడతాయి. ఏ ఫైల్ ఏ వైపు ఉందో తెలియకుండా రాసిన టెస్టులన్నీ వెంటనే పడతాయి. టెస్టు రాసేవాళ్లు కూడా ఫైల్ ఓపెన్ చేసే ప్రతిచోటా ఇది బిల్డ్‌దా, హోస్ట్‌దా, టార్గెట్‌దా అని తమని తాము ప్రశ్నించుకోవాలి. టెస్ట్ స్క్రిప్టులు రాసే టికల్ భాషలో నేరుగా ఓపెన్ అంటే అది ఎప్పుడూ బిల్డ్ మెషిన్ ఫైలే. జీడీబీ సోర్స్ చదివేది హోస్ట్‌లో. ప్రోగ్రామ్ తనంతట తాను తెరిచే ఇన్‌పుట్ ఫైల్ టార్గెట్‌లో ఉండాలి. కోర్ డంప్ (ప్రోగ్రామ్ చచ్చిపోయినప్పటి మెమరీ కాపీ) టార్గెట్‌లో పుడుతుంది, జీడీబీకి చూపించాలంటే హోస్ట్‌కి మోసుకురావాలి.

కొత్తకొమ్మ

ఇది ఈరోజే చేసి చూశా, కంటైనర్‌లో. యూజర్ల దాకా వెళ్లకముందే ఇంకోటి తగిలింది: అడ్రస్ స్పేస్ రాండమైజేషన్ (ప్రతిసారీ ప్రోగ్రామ్‌ని వేరే అడ్రస్‌ల్లో పెట్టడం) ఆపలేకపోయాం, పర్మిషన్ లేదు అని ప్రతి టెస్టులో ఒక వార్నింగ్ వస్తోంది, దాని వల్లే కొన్ని ఫెయిల్. ఇంకా నడుస్తున్న ప్రాసెస్‌కి అటాచ్ అయ్యే టెస్టులన్నీ పోయాయి.

పాతకంపైలర్

కంటైనర్ సెక్యూరిటీ ఫిల్టర్ ‘పర్సనాలిటీ’ సిస్టమ్ కాల్‌ని ఆపుతోంది. లినక్స్‌లో జీడీబీ మామూలుగా ప్రోగ్రామ్‌ని మొదలుపెట్టేటప్పుడు రాండమైజేషన్ ఆపుతుంది, అందుకు ఆ కాల్ కావాలి. అటాచ్ సంగతి, కెర్నెల్‌లో ‘యామా పీట్రేస్ స్కోప్’ 1గా ఉంటే తన పిల్ల ప్రాసెస్ కాని దానికి అటాచ్ అవ్వనివ్వదు. ఇవి రెండూ డీబగ్గర్ తప్పులు కావు, మెషిన్ సెట్టింగులు. టెస్ట్ మెషిన్ ఎలా ఉందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోకపోతే ఆర్నెల్ల తర్వాత ఇదే ప్రశ్న మళ్లీ వస్తుంది.

పొడుగుదారం

ఆలస్యంగా వచ్చా. విండోస్ హోస్ట్ అన్నారు కదా, నేను ఆ బురదలో చాలాకాలం ఉన్నాను కాబట్టి చెప్తున్నా.

మొదటిది, డెజాగ్నూని విండోస్‌లో నడిపే ప్రయత్నం చేయకండి. దానికి ఎక్స్‌పెక్ట్ (మనిషి బదులు కమాండ్లు పంపి, జవాబు కోసం ఎదురుచూసే టూల్) కావాలి, ఎక్స్‌పెక్ట్‌కి యూనిక్స్ తరహా సూడో టెర్మినల్ కావాలి. లినక్స్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్లడమే సుఖం, మీరు చేస్తున్నది కరెక్టే.

రెండోది, అసలు కష్టం. మింగ్‌డబ్ల్యూతో (నేరుగా విండోస్‌లో నడిచే ప్రోగ్రాములు తయారుచేసేది) బిల్డ్ చేసిన జీడీబీకి సిగ్విన్ (విండోస్‌లో యూనిక్స్ వాతావరణం ఇచ్చేది) తరహా సూడో టెర్మినల్ అంటే ఏంటో తెలియదు, దానికి అది ఒక పైపులా కనిపిస్తుంది. పైపు అనుకోగానే ‘ఎదురుగా మనిషి లేడు’ అని నిర్ణయించేసుకుంటుంది. ఇక మీరు టైప్ చేసింది తిరిగి ఎకో అవ్వదు. బ్రేక్‌పాయింట్లన్నీ తీసేయమంటారా అవునా కాదా అని అడగాల్సిన చోట తనే అవును అని జవాబు చెప్పేసుకుని, ఇన్‌పుట్ టెర్మినల్ నుంచి రావట్లేదు అని ఒక ముక్క ప్రింట్ చేసి ముందుకెళ్లిపోతుంది. టెస్టేమో ఆ ప్రశ్న కోసం కూర్చుని ఉంటుంది. ‘సెట్ ఇంటరాక్టివ్-మోడ్ ఆన్’ అని మొదట్లోనే ఇస్తే ఇందులో కొంత సర్దుకుంటుంది, మొత్తం కాదు.

కంట్రోల్-సీ సంగతి మర్చిపోండి. టెర్మినల్‌లో అయితే అది ఇంటరప్ట్, పైపులో అయితే 3 అనే విలువ ఉన్న ఒక మామూలు బైట్, అంతే. నడుస్తున్న ప్రోగ్రామ్‌ని మధ్యలో ఆపే టెస్టులన్నీ వేలాడిపోతాయి.

ప్రోగ్రామ్ అవుట్‌పుట్ కూడా చూసుకోవాలి. టెర్మినల్ కాకపోతే సీ లైబ్రరీ లైన్ లైన్‌కి ప్రింట్ చేయదు, బఫర్ నిండేదాకా లేదా ప్రోగ్రామ్ అయిపోయేదాకా దాచుకుంటుంది. ఇది విండోస్ ఒక్కదాని గొడవ కాదు, పైపు ఎక్కడున్నా ఇంతే. టెస్ట్ సూట్‌లో బఫరింగ్ ఆపేసే చిన్న సీ ఫైల్ ఒకటి ఉంది, కావాలంటే దాన్ని టెస్ట్ ప్రోగ్రామ్‌తో కలపొచ్చు.

ఇక పాత్‌లు. వెనక్కి వాలిన గీతలు (బ్యాక్‌స్లాష్‌లు) టెస్టులు ప్యాటర్న్ రాసే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు కదా. డ్రైవ్ పేరు పక్కన కోలన్ ఉంటుంది, ఫైల్ కోలన్ లైన్ నంబర్ అని బ్రేక్‌పాయింట్ పెట్టే చోట ఆ కోలన్, ఈ కోలన్ కలిసి టెస్టు ప్యాటర్న్‌ని తికమక పెడతాయి. అటువైపు ఆర్మ్ లినక్స్ నుంచి వచ్చే లైబ్రరీ పేర్లు ముందుకి వాలిన గీతతో మొదలవుతాయి, డ్రైవ్ పేరు ఉండదు, విండోస్ లెక్కలో అది పూర్తి పాత్ కాదు. జీడీబీలో ‘టార్గెట్-ఫైల్-సిస్టమ్-కైండ్’ అనే సెట్టింగు ఉన్నది ఇందుకే.

రెండోకన్ను

> మొత్తం కాదు

ఇదే నా బాధ. పొడుగుదారం గారు చెప్పింది చదివాక నాకైతే విండోస్ హోస్ట్ మీద మొత్తం సూట్ నడపడం దండగ అనిపిస్తోంది. ఎకో లేదు, కంట్రోల్-సీ లేదు, పాత్‌లు వేరు. వచ్చే ఫెయిల్స్‌లో ఎక్కువ శాతం టెస్టులవి, డీబగ్గర్‌వి కావు. బ్రేక్‌పాయింట్, స్టెప్, బ్యాక్‌ట్రేస్, ప్రింట్, షేర్డ్ లైబ్రరీలు, థ్రెడ్లు, ఈ ఐదారు విషయాల టెస్టులు ఏరుకుని అవి మాత్రం కంటికి రెప్పలా చూసుకోవడం మేలు కాదా? మనిషి టైమ్‌కి విలువ లేదా?

పొడుగుదారం

టైమ్‌కి విలువ ఉంది, ఒప్పుకుంటా. కానీ ఏరుకునేటప్పుడు మనకి తెలిసిన చోట్లే ఏరుకుంటాం. నేను పట్టుకున్న నిజమైన బగ్స్ అన్నీ ఎవరూ ఏరని టెస్టుల్లో దొరికాయి. సీ భాషలోని ‘లాంగ్’ విండోస్‌లో 32 బిట్లు, 64 బిట్ల లినక్స్‌లో 64 బిట్లు. జీడీబీ కోడ్‌లో ఎవరో అడ్రస్‌ని లాంగ్‌లో పెట్టారంటే లినక్స్‌లో వెయ్యిసార్లు నడిపినా పాస్ అవుతుంది. అది మీ బ్రేక్‌పాయింట్ టెస్టులో కనపడదు, ఏదో మూల ఎక్స్‌ప్రెషన్ టెస్టులో కనపడుతుంది.

రెండోకన్ను

ఆర్మ్ టార్గెట్ 32 బిట్లే కదా, ఆ అడ్రస్ పడితే ఎంత పడకపోతే ఎంత.

పొడుగుదారం

ఆయన టార్గెట్ రేపు 64 బిట్లు అవ్వదని రాసిచ్చారా? సరే, మన పోట్లాట వేరే థ్రెడ్‌లో పెట్టుకుందాం, పాపం ఆయన పని అవ్వనివ్వండి.

నిద్రలేనిబిల్డ్

పోట్లాట ఇక్కడే కానివ్వండి, నాకు ఉపయోగంగానే ఉంది :) నోటీటీవై బోర్డు లినక్స్‌లో నడిపితే, విండోస్‌లో వచ్చిన ఫెయిల్స్‌లో దాదాపు సగం ఇక్కడే వచ్చేశాయి. అంటే అవి విండోస్ ఫెయిల్స్ కావు, పైపు ఫెయిల్స్. విండోస్ మెషిన్ ముట్టుకోకుండానే వాటిని సర్దుకోవచ్చు.

కొత్త తలనొప్పి ఏంటంటే, కొన్ని టెస్టులు ఒక రన్‌లో పాస్, ఇంకో రన్‌లో ఫెయిల్. ఎస్‌ఎస్‌హెచ్ మీద ఉన్నప్పుడు ఎక్కువ, లోకల్‌లో అసలు రావు.

పాతకంపైలర్

అవుట్‌పుట్ ముక్కలు ముక్కలుగా వస్తోంది కాబట్టి. లోకల్‌లో జీడీబీ రాసిన మూడు లైన్లు, ప్రాంప్ట్ ఒకే దెబ్బకి ఎక్స్‌పెక్ట్ చేతికి వస్తాయి. ఎస్‌ఎస్‌హెచ్ మీద ముందు ఒకటిన్నర లైను, తర్వాత మిగతాది వస్తుంది. టెస్టు రాసినవాడు ప్యాటర్న్ చివర ప్రాంప్ట్‌ని పట్టుకోకుండా వదిలేస్తే, సగం అవుట్‌పుట్‌కే మ్యాచ్ అయిపోయి, మిగిలిన సగం తర్వాతి టెస్టు నెత్తిన పడుతుంది. అక్కడినుంచి ఒకదాని జవాబు ఇంకోదానికి, వరసగా అన్నీ చెడతాయి. అందుకే ఒక ఫైల్‌లో ఇరవై ఫెయిల్స్ ఉంటే మొదటిదే చదవండి, మిగతా పంతొమ్మిదీ దాని పిల్లలు అయ్యుండొచ్చు.

దీన్ని కావాలని రప్పించే ఉపాయం జీడీబీ సూట్‌లోనే ఉంది, ‘చెక్-రీడ్1’ అనే మేక్ టార్గెట్. ఎక్స్‌పెక్ట్ చదివే ప్రతిసారీ ఒక్క అక్షరమే ఇచ్చేలా ఒక చిన్న లైబ్రరీని మధ్యలో దూరుస్తుంది. నత్తనడకే, కానీ ఎస్‌ఎస్‌హెచ్ మీద పదిసార్లకి ఒకసారి వచ్చే ఫెయిల్ ఇక్కడ ప్రతిసారీ వస్తుంది. దీనికి వ్యతిరేకంగా, బోలెడు అవుట్‌పుట్‌ని ఒకేసారి ఇచ్చే ‘రీడ్‌మోర్’ కూడా ఉంది.

కొత్తకొమ్మ

టైమ్‌అవుట్ పెంచేస్తే సరిపోదా?

పాతకంపైలర్

డెజాగ్నూలో మామూలు టైమ్‌అవుట్ 10 సెకన్లు. స్లో బోర్డుకి పెంచడం న్యాయమే, బోర్డు ఫైల్‌లో పెంచండి. కానీ ప్యాటర్న్ తప్పుగా ఉంటే 10 సెకన్లు కాదు, పది గంటలు ఆగినా మ్యాచ్ అవ్వదు. ఫెయిల్ అయ్యే ప్రతి టెస్టూ అన్ని సెకన్లు తినేసి రన్‌ని రెండు రోజులు సాగదీస్తుంది, లాభం లేదు.

నిద్రలేనిబిల్డ్

వారం తర్వాత వచ్చా, ఈసారి కథ ఉంది.

ఆర్మ్ బోర్డు మెట్టు దగ్గర టైమ్‌అవుట్లు విపరీతం. లాగ్ తెరిస్తే జీడీబీ తనే చెప్తోంది, రిమోట్ టార్గెట్ నుంచి ఫైల్ తేవడం స్లోగా ఉండొచ్చు, సిస్‌రూట్ (టార్గెట్ లైబ్రరీలు ఎక్కడ వెతకాలో చెప్పే చోటు) పెట్టుకుని లోకల్‌గా చదువుకో అని. అంటే ప్రతి టెస్టులో ప్రోగ్రామ్ మొదలైన ప్రతిసారీ సీ లైబ్రరీ, డైనమిక్ లింకర్ (షేర్డ్ లైబ్రరీలని లోడ్ చేసేది) అన్నీ బోర్డు నుంచి ప్రొటోకాల్ ప్యాకెట్లలో లాగుతోంది. 7.10 వెర్షన్ నుంచి సిస్‌రూట్ డిఫాల్ట్ ‘టార్గెట్’ అయిందట, ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. వాడేవాళ్లకి హాయి, వేల టెస్టులు నడిపేవాళ్లకి నరకం.

సరే అని, మేం టూల్‌చెయిన్‌తో ఇచ్చే సిస్‌రూట్ ఫోల్డర్‌నే చూపించా. వేగం అద్భుతం. కానీ షేర్డ్ లైబ్రరీలు వాడే ప్రతి టెస్టూ మొదట్లోనే సిగ్ఇల్ (చెల్లని ఇన్‌స్ట్రక్షన్ అనే సిగ్నల్) కొట్టి చచ్చిపోతోంది! స్టాటిక్‌గా లింక్ చేసినవి మాత్రం బాగున్నాయి. రెండు రోజులు జీడీబీనే అనుమానించా, వెనకటి వెర్షన్లకి వెళ్లి బైసెక్ట్ కూడా మొదలెట్టా.

ఆఖరికి తేలిందేంటంటే, బోర్డులో ఉన్న డైనమిక్ లింకర్‌కి సింబల్స్ (కోడ్‌లో ఎక్కడ ఏముందో చెప్పే పేర్లు) ఉన్నాయి, మా సిస్‌రూట్‌లో ఉన్నది మొత్తం స్ట్రిప్ చేసింది, అంటే అవి తీసేసింది. ఎవరో సైజు తగ్గించడానికి చేశారు. ఆర్మ్‌లో కోడ్ రెండు రకాలు కదా, ఆర్మ్ ఒకటి, థంబ్ ఒకటి, ఎక్కడ ఏ రకమో మ్యాపింగ్ సింబల్స్ చెప్తాయి. స్ట్రిప్ చేస్తే అవి పోతాయి. లైబ్రరీలు లోడ్ అవ్వడం తెలుసుకోడానికి జీడీబీ డైనమిక్ లింకర్ లోపల బ్రేక్‌పాయింట్ పెడుతుంది, అక్కడున్నది థంబ్ అని తెలియక నాలుగు బైట్ల ఆర్మ్ బ్రేక్‌పాయింట్ రాసేసింది. రెండు బైట్ల ఇన్‌స్ట్రక్షన్ల మధ్యలో అది పడితే ఇంకేముంది. స్ట్రిప్ చేయని లింకర్‌ని పెట్టగానే అన్నీ లేచి కూర్చున్నాయి.

దీంట్లో నన్ను భయపెట్టింది ఏంటంటే, ఆ స్ట్రిప్ చేసిన సిస్‌రూటే కస్టమర్లకి వెళ్తోంది. లినక్స్‌లో నేటివ్ టెస్టులు ఇంకో పదేళ్లు నడిపినా ఇది దొరికేది కాదు.

పొడుగుదారం

@రెండోకన్ను ఏమంటారు ఇప్పుడు

రెండోకన్ను

ఇది ఆర్మ్ మెట్టులో దొరికింది సార్, విండోస్ మెట్టులో కాదు. నా మాట మీద నేనున్నా :) కానీ ఒకటి ఒప్పుకుంటా, నేను ఏరిన లిస్టులో షేర్డ్ లైబ్రరీలు ఉన్నాయి కాబట్టి నా పద్ధతిలో కూడా దొరికేదే.

నిద్రలేనిబిల్డ్

ఆఖరి సందేహం. అన్ని మెట్లూ ఎక్కి విండోస్‌కి వచ్చా, ఇంకా కొన్ని ఫెయిల్స్ మిగిలాయి, అవేంటో కూడా తెలుసు. ప్రతి రన్‌లోనూ వాటిని చూస్తూ పోవాలా, ఎక్స్‌ఫెయిల్ అని గుర్తు పెట్టేయొచ్చా? ఇంకా రెండు మెషిన్ల సమ్ ఫైళ్లు డిఫ్ తీస్తే కొన్ని టెస్టుల పేర్లే కలవట్లేదు.

పాతకంపైలర్

పేర్లు కలవకపోవడం ముందు సర్దండి. టెస్టు పేరులోకి డైరెక్టరీ పాత్ దూరి ఉంటుంది, ఒక్కో మెషిన్‌లో ఒక్కోలా. జీడీబీ సూట్ ఇలాంటివి పట్టుకుని సమ్ ఫైల్‌లో ‘పాత్’ అని, ఒకే పేరు రెండుసార్లు వస్తే ‘డూప్లికేట్’ అని విడిగా లెక్క చెప్తుంది. ఆ రెండు లెక్కలూ సున్నా అయ్యేదాకా మీ డిఫ్‌ని నమ్మకండి.

ఎక్స్‌ఫెయిల్ అన్నది డీబగ్గర్ బయట తప్పు ఉంటే వాడేది: కంపైలర్ ఇచ్చిన డీబగ్ ఇన్ఫో తప్పు, కెర్నెల్‌లో లోపం, ఇలాంటివి. తప్పు జీడీబీదే అని తెలిస్తే కేఫెయిల్, దానికి బగ్జిల్లాలో బగ్ నంబర్ ఉండాలి. కంట్రోల్-సీ టెస్టుల్లాంటివి ఈ రెండూ కావు, ఆ హోస్ట్‌లో నడపడమే కుదరదు కాబట్టి టెస్టు మొదట్లోనే షరతు పెట్టి అన్‌సపోర్టెడ్ అని తప్పించాలి. మీ ఫెయిల్స్ ఏ గంపలోవో ఒక్కొక్కటీ చూసి వేయండి, తెలియనివి ఫెయిల్‌గానే ఉండనివ్వండి. లిస్టు ఇక్కడ పెడితే నేను కూడా ఒక చూపు చూస్తా.

నిద్రలేనిబిల్డ్

సోమవారం పెడతా. విండోస్ మెషిన్‌ని ఎవరో అప్‌డేట్ పెట్టి రీస్టార్ట్ చేశారు, సగంలో ఉన్న రన్ పోయింది.